ముప్పై అయిదు అక్షరాలు

ఎం.పి.సి.లో చేరిన నాడే కప్పలతోనూ బొద్దింకలతోనూ నాకు సంబంధం తెగిపోయింది. అంచేత స్టాటిస్టిక్స్ విద్యార్థి హెచ్.ఐ.వి. గురించి రాయడమేమిటని జువాలజీ మిత్రులు నవ్వితే నవ్వనివ్వండి. ఈ కథలో సగం లెక్కే.

ఈ వైరసు మన తెల్లరక్తకణంలోకి ఊరికే దూరలేదు. కణం మీద ఉండే సి.డి.4 అనే ప్రోటీనును ముందు పట్టుకోవాలి. ఈ సంగతి 1984లోనే తెలిసింది. తీరా మనిషి సి.డి.4ను ఎలుక కణాల మీద అమర్చి చూస్తే, వైరసు వచ్చి అతుక్కుందే గాని లోపలికి పోలేకపోయింది. గుమ్మందాకా వచ్చింది, తలుపు తెరుచుకోలేదన్నమాట! ఆ తలుపేదో 1996లో గాని బయటపడలేదు. ఒకటి కాదు, ముఖ్యమైనవి రెండున్నాయి: సి.సి.ఆర్.5, సి.ఎక్స్.సి.ఆర్.4. మొదటిదాని గుండా వచ్చేవి ఆర్5 వైరసులు, రెండోదాని గుండా వచ్చేవి ఎక్స్4 వైరసులు. రెండు తలుపులూ తెలిసిన గడుసువి కూడా ఉన్నాయి. కొత్తగా సోకినవారిలో సాధారణంగా ఆర్5 వైరసే ఉంటుంది. ఎక్స్4 కనిపించినవారిలో సి.డి.4 కణాలు త్వరగా తగ్గిపోతాయి.

ఏ వైరసు ఏ తలుపు తడుతుందో దాని జన్యులిపి చదివి ముందే చెప్పవచ్చునా? నన్ను పట్టుకున్న ప్రశ్న ఇదే. ఆ లిపి మొత్తం సుమారు 9,700 అక్షరాలు. జవాబు మాత్రం చాలావరకు వి3 అనే ఒక చిన్న మెలికలో ఉంది. దానిలో ఉండేవి దాదాపు 35 ఎమినో ఆమ్లాలు. ఒక్కోదానికి ఒక్కో అక్షరం గుర్తు పెడతారు గనుక ఒక్క పంక్తిలో రాసెయ్యవచ్చు. 11వ చోటగాని 25వ చోటగాని ధనావేశం గల ఆర్జినీనో, లైసీనో ఉంటే అది ఎక్స్4 అని అనుమానించాలి. సూత్రమంతా ఇంతే! పెన్సిలు పట్టుకుని వేళ్లమీద లెక్కపెట్టుకోవచ్చు.

ఇంకా విచిత్రమేమంటే, ఈ రెండు స్థానాల సంగతి ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు 1992లోనే ప్రకటించారు. అంటే తలుపులు తెలియడానికి నాలుగేళ్ల ముందు! కొన్ని వైరసులు గాజుపాత్రలోని కణాలను ఒకదానితో ఒకటి కలిపి ముద్ద చేసేస్తున్నాయి, కొన్ని చెయ్యడం లేదు. వాళ్లు చూసింది అంతే. ఆ పరీక్షకు వాడిన కణాల మీద రెండో తలుపు ఉందనీ, మొదటిది లేదనీ తరువాత తెలిసింది. రెండో తలుపు బయటి ముఖాన ఋణావేశం ఎక్కువ. మరి ధనావేశం అటు లాగక ఎటు లాగుతుంది?

అయితే ఈ సూత్రం ‘ఔను’ అంటే చాలావరకు నమ్మవచ్చు గాని, ‘కాదు’ అంటే నమ్మలేం. చాలా ఎక్స్4 వైరసులు దాని చేతిలోంచి జారిపోతాయి. అందుకని 35 స్థానాలనూ కలిపి తూచే కంప్యూటరు పద్ధతులు వచ్చాయి. జర్మనీలో సార్‌బ్రూకెన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో థామస్ లెంగావర్ బృందం తయారుచేసిన ‘జీనో టు ఫీనో’ వాటిలో పేరున్నది. అది ‘ఔను, కాదు’ అనదు. ఒక అంకె ఇస్తుంది. గీత ఎక్కడ గియ్యాలో మనం తేల్చుకోవాలి.

క్లాసులో మొదటి తరహా దోషం, రెండో తరహా దోషం అని బట్టీపట్టాం చూశారా, అవి ఇక్కడ మనుషులయి కూర్చుంటాయి. 2007లో అమెరికాలో అనుమతి పొందిన మారవిరాక్ అనే మందు సి.సి.ఆర్.5 తలుపును మాత్రమే మూస్తుంది. ఎక్స్4 వైరసును ఆర్5 అనుకుంటే రోగికి పనిచెయ్యని మందిచ్చినట్టు. ఆర్5ను ఎక్స్4 అనుకుంటే పనిచేసే మందును దూరం చేసినట్టు. ఐరోపా నిపుణులు 2011లో, ఒకే నమూనాను మూడుసార్లు పరీక్షించే పక్షంలో, 10 శాతం దగ్గర గీత గీశారు. నిజంగా ఆర్5 ఉన్న వందమందిలో పదిమందిని పొరపాటున తోసేసినా ఫరవాలేదని దానర్థం. ఆ పదిమందిని ఎవరడిగారు? నా మటుకు నేను గీతను అక్కడే ఉంచేవాణ్ణి. వారికి వేరే మందులున్నాయి. చాటున ఎక్స్4 పెరుగుతున్నవాడికి వ్యవధి లేదు.

మరో చిక్కుంది. సూత్రాలు నేర్చుకున్నది ఎక్కువగా పాశ్చాత్యదేశాల్లో వ్యాపించిన ‘బి’ రకం వైరసుల మీద. మన దేశంలో ప్రధానంగా ఉన్నది ‘సి’ రకం. ఆ మెలిక కొనలో 18వ స్థానాన ‘బి’లో తరచు ఆర్జినీను ఉంటే, ‘సి’లో గ్లూటమీను ఉంటుంది. ఒక ఊరి కొలపాత్రతో మరో ఊరి ధాన్యం కొలవబోయేముందు పాత్రను సరిచూసుకోవద్దా? ఇక్కడి ప్రభుత్వ కేంద్రాల్లో ఇచ్చే డోలుటెగ్రావిర్ మాత్రకు ఈ తలుపుల పరీక్షతో పనిలేదు గనుక సరిపోయింది.

పనిపడిన చోట ఏమయిందో వినండి. బెర్లిన్‌లో తిమోతీ రే బ్రౌన్‌కు రక్తక్యాన్సరు వస్తే, పుట్టుకతోనే సి.సి.ఆర్.5 తలుపు లేని దాత మూలకణాలు 2007లో ఒకసారి, 2008లో మరోసారి ఎక్కించారు. మందులు మానేసినా హెచ్.ఐ.వి. తిరిగి రాలేదు. 2020లో ఆయన పోయింది క్యాన్సరు తిరగబెట్టి. జర్మనీలోనే ఎసెన్‌లో మరొక రోగికి అలాంటి చికిత్సే చేశారు. అతనిలో కొద్ది వారాల్లోనే వైరసు పైకి లేచింది, ఈసారి ఎక్స్4 రూపంలో. ఈ సంగతి 2014లో ప్రకటించారు. చికిత్సకు ముందు తీసిన రక్తంలోని అక్షరాలను చదివితే, ఎక్స్4 అనిపించే వైరసులు కొద్దిగా అప్పుడే అందులో ఉన్నాయి.

ఇక్కడితో లెక్క తేలిపోయిందని నేను సంబరపడబోయాను. కాని బ్రౌన్ రక్తంలోనూ చికిత్సకు ముందు అలాంటివి దాదాపు 3 శాతం ఉన్నట్టు ఆ అక్షరాలే చెప్పాయి. అవి లేవలేదు.