తంగేడు గింజలు



మీ యింటి ముందర బంతి, చేమంతి, కనకాంబరము ఉండవచ్చును. అయితే చేని గట్టున తనంతట తానే పూచు పువ్వును మీ పెరటిలో ఎన్నడైన పెంచితిరా? మా పరిటాల దేవాలయపు ఆవరణలో నేను తంగేడు పెంచిన సంగతి మీతో చెప్పగోరుచున్నాను.

మా యూరు పూర్వము వజ్రపు గనులకు పేరు పొందినది. చుట్టును ఆంగ్లేయుల యేలుబడి యుండగా మా యూరు మాత్రము నైజాము క్రింద నుండెను. ఆ కాలమున జనులు రాళ్ల కొరకు ఈ నేల త్రవ్విరి. నేను వెదకినది రాతివంటి గింజను.

మొదట పొరపాటు చేసితిని. గుట్టమీద మూరెడేసి మొక్కలు నాలుగు పెరికి తెచ్చి నాటగా, వారము తిరుగకుండ ఎండిపోయెను. తంగేడు తల్లివేరు లోతునకు దిగును. అది తెగినయెడల మొక్క బ్రదుకుట కష్టము. పైగా గుట్టమీద దాని చోటు బోసిపోవును. గనుక గింజయే మేలు.

కాయలు చదునుగా నుండును. అవి ఎండి, ఊపినప్పుడు గలగలలాడువేళ కోయుడి. ఒక్కొక్క చెట్టున కొన్నియే కోసి తక్కినవి విడువుడి. గింజ పెంకు గట్టిది. నీటిని లోనికి రానియ్యదు. నీళ్లు మరిగించి, పొయ్యిమీదనుండి దించి, అందులో గింజలు వేసి తెల్లవారువరకు ఉంచుడి. ఉబ్బినవి విత్తుడి. ఉబ్బనివాటిని గరుకురాతిమీద ఒక ప్రక్క కొంచెము రుద్ది మరల నానవేయుడి. పాత పాల సంచులకు అడుగున రంధ్రములు పొడిచి, ఇసుక కలిపిన మట్టి నింపి, వ్రేలి గోరంత లోతున గింజ పెట్టుడి. వానలు పట్టగానే మట్టిగడ్డ చెదరకుండ నేలలో నాటుడి. నల్లరేగడిలో నీరు నిలుచును, అది తంగేడుకు గిట్టదు. గనుక గులకరాయి కలిపి దిబ్బ చేసి దానిమీద నాటుడి. వేరూనిన పిమ్మట నీరు ఎక్కువ పోయవద్దు. ఆకులు తిను పురుగులను చంపవద్దు. వాటిలో కొన్ని పసుపుపచ్చని సీతాకోకచిలుకలగును.

గునుగు సంగతి వేరు. దాని సన్నని నల్ల గింజలను మట్టిమీద చల్లి అదిమిన చాలును, లోతుగా కప్పవద్దు. అది చేలలో కలుపు గనుక గింజ రాలకముందే వెన్నులు కోయుడి.

రెండవ యేట మా తంగేడు పూచెను. సంఘపెద్ద యొకరు చూచి, "అయ్యగారూ, గుడి ముందర ఈ పిచ్చిమొక్క ఎందుకండీ? గులాబీ పెడదాం" అనెను. నేను నవ్వి ఊరకుంటిని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ మొక్క నాకెందుకు కావలెనో నేను ఎవరితోను చెప్పియుండలేదు.

మా నాయన తోళ్లు పదును చేయువాడు. తంగేడు చెక్క దంచి లందలో వేసి తోళ్లు నానబెట్టెడివాడు. ఎంత కడిగినను ఆ వాసన ఆయన చేతులను విడిచెడిది కాదు. ఆ చేతుల కష్టముతోనే నేను చదువుకొంటిని. అయినను వేదాంత కళాశాలలో తోటివారు నాయన పని యేమని అడిగినప్పుడు, "సేద్యము" అంటిని. ఆయన నన్ను చూడవచ్చిన దినమున గేటు వద్దనే మాటాడి పంపివేసితిని. ఇప్పుడు ఆయన లేడు.

అపొస్తలుడైన పేతురు యొప్పేలో ఎవరి యింట బసచేసెనో మీరెరుగుదురు. చర్మకారుడైన సీమోను ఇంట. ఏ మనిషిని తక్కువగా చూడరాదను పాఠము పేతురు నేర్చుకొన్నది ఆ మిద్దెమీదనే. ఆ భాగముమీద నేను పలుమారులు ప్రసంగించితిని గాని, సీమోను పనిని ప్రతిసారి ఒక్క మాటలో దాటివేసితిని.

మరుసటి ఆదివారము దాటలేదు. మా నాయన పని యేమో, గేటు వద్ద నేను చేసినదేమో సంఘము ఎదుట చెప్పితిని. ఆరాధన ముగిసిన పిమ్మట ఆ పెద్ద తంగేడు వద్ద చాలసేపు నిలిచెను. "మా తాతదీ ఆ పనేనండీ" అని మాత్రము అని ఇంటికి వెళ్లెను.

ఈ యేటి కాయలు ఎండినవి. మొదటి పిడికెడు గింజలు ఆయన పట్టుకొనిపోయెను. మీకును కావలెనన్నయెడల రండి. పాత పాల సంచులు మీరే తెచ్చుకొనుడి.