పూలజడ వెనక అద్దం

అమ్మ పూలజడ ఫోటో వెనక ఊదారంగు రబ్బరు ముద్ర ఉంది. స్టూడియో పేరు సగం చెరిగిపోయింది కానీ, తెనాలి అన్న మాటా దాని కింద పెన్సిల్‌తో వేసిన నంబరూ చక్కగా కనిపిస్తున్నాయి. 1976 వేసవి సెలవుల్లో, అమ్మకి పన్నెండేళ్లప్పుడు తీయించిన ఫోటో. ఇల్లు మారేటప్పుడు వానకి తడిసి పటం గాజుకి అతుక్కుపోయింది. విడదీయబోతే చెంప దగ్గర బొమ్మ ఊడి వచ్చేసింది. అమ్మ ఏమీ అనలేదు. బీరువాలో బట్టల అడుగున పెట్టేసింది. నాకు మాత్రం మనసొప్పలేదు. దాన్ని సంచిలో పెట్టుకుని గుంటూరులో తెనాలి బస్సెక్కాను.

బోసు రోడ్డులో ఇద్దరు ముగ్గుర్ని అడిగాక ఒక పూలకొట్టాయన దారి చెప్పాడు. "పూలజడల స్టూడియోనా? ఉందమ్మా. పెద్దాయనా ఉన్నాడు."

ముందుగది ఈ కాలానిదే. కంప్యూటరు, ప్రింటరు, గోడకి తెల్ల తెర, దాని ముందు స్టూలు. నేను వెళ్లేసరికి స్కాలర్‌షిప్పు దరఖాస్తు కోసం వచ్చిన కుర్రాడి కాలరు సరిచేస్తున్నారాయన. డెబ్బై అయిదేళ్లుంటాయి. ఆ అబ్బాయి గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి తల ఇంతెత్తి, నాలుగడుగులు వెనక్కి వచ్చి చూసి, మళ్లీ వెళ్లి సవరించారు. ఏ ఆఫీసులోనో దరఖాస్తుకి అంటించి మర్చిపోయే ఫోటోకి అంత శ్రద్ధ పెడతారని నేననుకోలేదు.

వచ్చిన పని చెప్పాను. ఆయన ఫోటో అందుకుని వెనక్కి తిప్పి నంబరు చూశారు. ముఖం తర్వాత చూశారు. "లోపలికి రామ్మా" అన్నారు.

లోపలిది అసలు స్టూడియో. గోడ పొడుగునా తెర. దాని మీద పాలరాతి మెట్లు, పూలకుండీలు, దూరంగా ఒక కొలను. రంగులు వెలిశాయి. ఓ మూల కర్ర స్టాండు మీద హాఫ్ ప్లేట్ కెమెరా, దాని నెత్తిన మడతపెట్టిన నల్లగుడ్డ. ఇటు పక్క గోడకి నిలువెత్తు అద్దం. దాని ముందు నేల మీద ఎర్ర ఎనామిల్ పెయింటుతో నాలుగు చుక్కలున్నాయి. ఏమిటని అడిగాను.

"కుర్చీ కాళ్లు. పిల్ల ముఖం నా వైపుండాలి, వీపు అద్దం వైపుండాలి. అద్దంలో జడ మొదలు నుంచి కుప్పెల దాకా కనపడాలి. నేనూ నా లైట్లూ కనపడకూడదు. అలా కుదిరే చోటు ఈ గదిలో ఇదొక్కటే. వెతకడానికి నాకు రెండు వేసవులు పట్టింది."

ఒకప్పుడు మల్లెలు విరగబూసే రోజుల్లో మన ఆడపిల్లల్లో పూలజడ వేయించుకోని వాళ్లు తక్కువ. అరటినార మీద మొగ్గలు వరసగా కుట్టి, మధ్యమధ్య కనకాంబరాలో మరువమో చేర్చి, జడకి అమర్చేసరికి గంటలు గడిచేవి. సాయంత్రానికి మొగ్గలు విచ్చుకుంటాయి, జడ అందం పోతుంది. అందుకని మధ్యాహ్నమే స్టూడియోకి పరుగు. ఆ వేసవుల్లో రోజుకి ఎంతమంది వచ్చేవాళ్లని అడిగితే ఆయన నవ్వి, "అది మా ఆవిణ్ణడుగు, జడలు చూసింది తనే కదా" అన్నారు.

అక్కడే నేను తెలుసుకోవలసింది మొదలైంది. బోర్డు మీద ఆయన పేరే ఉంది. పని మాత్రం ఇద్దరిది.

ఆయన భార్య, నాకు పిన్నిగారు, వెనక వసారాలో కూరలు తరుగుతున్నారు. స్టూడియో వెనకే ఇల్లు. 1974లో పెళ్లయి వచ్చిన నెలకే ఆవిడ స్టూడియోలో అడుగు పెట్టారట. ఆడవాళ్ల పైట సర్దాలంటే, పాపిడిబిళ్ల తిన్నగా పెట్టాలంటే మగవాడు చెయ్యి వెయ్యకూడదు కదా. మాటల్లో చెబితే బిగుసుకుపోతారు. "నేను పక్కన నిలబడితే ఊపిరి పీల్చుకునేవాళ్లమ్మాయ్" అన్నారావిడ. ఈ అవసరాన్ని మన నేల మీద ఏనాడో గుర్తించారు. సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్ దయాళ్, పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో విడిగా జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఆంగ్ల మహిళ చేతికి అప్పగించాడు. తెనాలిలో ఆ పని ఇంటి కోడలు చేసింది, జీతం లేకుండా, పేరు లేకుండా.

పోజు సర్దడం ఒక్కటే కాదు. టచింగ్ అంతా ఆవిడదే. నేను అడగ్గానే కత్తిపీట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, కిటికీ దగ్గరున్న వాలుబల్ల మీద గుడ్డ తీశారు. బల్ల మధ్యలో చదరంగా కన్నం. దాని మీద గాజు. కింద చిన్న అద్దం, కిటికీ వెలుతురుని పైకి తిప్పడానికి. గాజు మీద నెగటివ్ పరిచి, వార్నిష్ లాంటి మందు పలచగా రాసి ఆరనిచ్చేవారు. అది లేకపోతే ఫిల్ము నున్నగా జారిపోయి పెన్సిల్ పట్టదు. పెన్సిల్‌ని బ్లేడుతో అంగుళం పైగా చెక్కి, గరుకు కాగితం మీద తిప్పి తిప్పి సూదిమొన చేయాలి. నెగటివ్‌లో నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపవుతుంది. ముఖం మీద మచ్చ గాజులా తేటగా కనిపిస్తుంది. ఆ తేట చోట ముగ్గు చుక్కల కన్నా సన్నంగా, చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ పోతే చుట్టూ ఉన్న చర్మంలో కలిసిపోతుంది. ఒక్క చుక్క ఎక్కువైతే ఫోటోలో తెల్లగా పొక్కినట్టు వస్తుంది.

"గీత గీయకూడదు. గీస్తే దొరికిపోతాం" అంటూ నా అరచేతి మీద పెన్సిల్ మొన ఆనించి చూపించారు. తగిలినట్టే లేదు.

పెళ్లిచూపుల ఫోటోలకి వచ్చే తల్లిదండ్రులు కాస్త రంగు తేల్చమని అడిగేవారట. ఆ మాట ఎత్తగానే ఆవిడ గొంతు మారింది. "ఫోటోలో తెల్లగా చూపిస్తే రేపు పీటల మీద ఎవరు కూర్చుంటారు? చూసిపోయినవాళ్లు ఫోటోలో ఇలా లేదంటే ఆ మాట పడేది పిల్లే కదా. మొటిమ చెరుపుతాను, అది నెలరోజుల్లో పోయేదే. రంగు నేను ముట్టుకోను అనేదాన్ని." అలా చెప్పినందుకు కొన్ని గిరాకీలు వేరే చోటికి పోయాయి. ఆయన ఏనాడూ ఆవిణ్ణి తప్పు పట్టలేదు. ఈ దంపతుల మీద నాకు గౌరవం ఎక్కడ కుదిరిందంటే ఇక్కడే.

ఫోటోగ్రాఫరు బాబాయిగారిది ఊరి మీద పడే బతుకు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వస్తే ముహూర్తాలే. పెళ్లిళ్లకి యాషికా కెమెరా. రోలుకి పన్నెండు ఫోటోలే కాబట్టి మంగళసూత్రం కట్టే క్షణానికి కనీసం రెండన్నా మిగుల్చుకోవాలి. పెద్దమ్మాయి పుట్టిన రాత్రి ఆయన ఎక్కడో పల్లెలో పెళ్లివారి విడిదిలో ఉన్నారు. పొద్దున్న ఇంటికొచ్చి కెమెరా సంచి దించాకే తెలిసింది. "ఆషాఢంలోనే నేను నాన్నని" అన్నారు మెల్లగా. పిన్నిగారు ఆయన వైపు చూసి, కాఫీ కలపడానికి లేచారు.

నెగటివ్‌లు డార్క్ రూములో ఉన్నాయి. ఇప్పుడక్కడ ఎర్రబల్బు వెలగదు. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ల 'ఇందు' పేపరు వచ్చిన ఖాళీ పెట్టెల్లో, ఒక్కో నెగటివ్‌ని సన్నకాగితం కవర్లో పెట్టి, వరస నంబర్లతో సర్దారు. తలుపు తీయగానే ఘాటుగా సిర్కా వాసన కొట్టింది. వేడికీ తేమకీ ఫిల్ము లోపల్లోపలే పులుస్తుంది. ముడుచుకుంటుంది. ఒకటి పులిస్తే పక్కవాటికీ అంటుకుంటుందని ఆయన వారానికోసారి పెట్టెలు వాసన చూసి వేరు చేస్తారు. డిజిటల్ వచ్చాక చాలామంది ఇలాంటివన్నీ తగలబెట్టేశారు. మీరెందుకు ఉంచారని అడిగాను.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. కొన్ని వారాల తర్వాత రేపల్లె అవతలి పల్లెల నుంచి ఒకాయన వచ్చాడట. భార్యతో, కూతురితో ఇక్కడే ఫోటో దిగానన్నాడు. ఆ ఇద్దరూ లేరు. ఇల్లూ లేదు. నంబరు గుర్తు లేదు. భార్యాభర్తలిద్దరూ కూర్చుని రెండు రాత్రులు పెట్టెలన్నీ వెతికారు. ఒక్కో నెగటివ్ దీపానికి అడ్డంగా పెట్టి ఆయనకి చూపించారు. జుట్టు తెల్లగా, ముఖాలు నల్లగా ఉంటే తన భార్యని తనే పోల్చుకోలేకపోయాడు. పోల్చింది పిన్నిగారు.

"ఆ పాప బుగ్గ మీద పుట్టుమచ్చ ఉండేది. వాళ్లమ్మ అడిగితే నేనే చెరిపాను. నా చుక్కలు నాకు తెలుస్తాయి కదా. అదే ఈ పాప అన్నాను. ఆయన ఏడుస్తూ, మచ్చ ఉందా అమ్మా అని అడిగాడు." ఆవిడ కొంచెం ఆగారు. "టర్పెంటైన్‌తో తుడిచేశాను. మచ్చతోనే ప్రింటు వేసిచ్చాం."

అప్పటినుంచి ఒక్క నెగటివ్ పారెయ్యలేదు.

మేము అమ్మ నెగటివ్ వెతుకుతుండగా బయట ఎవరో పిలిచారు. చిన్న కుటుంబం. భార్యాభర్తలు, నాలుగేళ్ల పాప, ముసలమ్మ. ముగ్గుర్నీ కలిపి తీయమంటున్నాడు కొడుకు. ముగ్గురు ఫోటో దిగకూడదంటోంది ముసలమ్మ. బాబాయిగారు వాదించలేదు. "అయితే మీరూ రండి, పెద్దమ్మగారూ" అని కుర్చీ వేసి కూర్చోబెట్టారు. నడుమ ఆవిడ, ఒళ్లో మనవరాలు. ఫోటో తీశాక నాతో అన్నారు, "ఆ మాట అడ్డం పెట్టుకుని ఎంతమంది ముసలివాళ్లని ఫోటోలోకి తెచ్చానో!"

అమ్మ నెగటివ్ నాలుగో పెట్టెలో దొరికింది. పులవలేదు. వాలుబల్ల మీద పరిచి, పిన్నిగారు కళ్లజోడు మార్చుకుని వంగి చూశారు. నన్నూ చూడమన్నారు. తెల్లటి జుట్టు, నల్లటి మల్లెలు. ముఖాన్ని పక్కవాటంగా చూస్తే, మెరుస్తూ పెన్సిల్ చుక్కల గుంపులు. నుదుటి మీద రెండు, చెంప మీద ఒకటి, గడ్డం పక్కన ఒకటి. ఆటలమ్మ పోసినప్పటి మచ్చలు. అమ్మ ముఖంలో నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నవి, ఈ ఫోటోలో ఎన్నడూ చూడనివి. లేవనీ అనుకోలేదు, చెరిపారనీ అనుకోలేదు.

"తుడిచెయ్యమంటావా?" అని అడిగారావిడ.

నాకు తోచక అమ్మకి ఫోన్ చేశాను. సంగతి చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆవిడ ఉన్నారా? ఆ రోజు నా దగ్గర కుప్పెలు లేకపోతే తన జడవి విప్పి నాకు పెట్టారే! ఒకసారి ఫోనివ్వు" అంది.

ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏ వీధి, ఎంతమంది పిల్లలు, మోకాళ్ల నొప్పులు. ఫోన్ నాకిచ్చేముందు పిన్నిగారు నవ్వుతూ, "రెండూ కావాలట. మచ్చలు చెరపమంది మీ అమ్మమ్మేనట. చుక్కలున్నది అమ్మమ్మ పటం పక్కన పెడుతుందట, తుడిచింది నీకట" అన్నారు.

బాబాయిగారు నెగటివ్‌ని అంచులతో పట్టుకుని ముందు చుక్కలతోనే స్కానర్ మీద పరిచారు. పిన్నిగారు అలమరలో టర్పెంటైన్ సీసా కోసం, దూది కోసం వెతుకుతున్నారు.