పొలమారలేదు కదా అనుకున్నాను

పక్షవాతం వచ్చిన మనిషికి గుక్కెడు మంచినీళ్లు కూడా ప్రాణం మీదికి తెస్తాయని నాకు తెలియదు. ముద్ద దిగకపోతే నీళ్లయినా దిగుతాయనుకునే ఇంట్లో పెరిగినవాణ్ణి. ఆ నమ్మకంతోనే మా నాన్నకి న్యుమోనియా తెచ్చిపెట్టాను.

కైకలూరు దగ్గర మా చేపల చెరువు గట్టు మీద నాన్నకి ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి, మూతి వంకరపోయింది. ఏలూరు తీసుకెళ్లి ఆసుపత్రిలో చేర్చాం. "మింగుడు పరీక్ష చేసేదాకా నోట్లో చుక్క పొయ్యకండి" అని సిస్టర్ గారు గట్టిగానే చెప్పారు. రాత్రి నాన్న పెదాలు తడుపుకుంటూ "ఒక్క గుక్క పొయ్యరా" అని ముద్దమాటలతో అడిగారు. చూడలేకపోయాను. పడుకున్న మనిషికి అలాగే గ్లాసుతో పట్టాను. దగ్గలేదు, పొలమారలేదు. తర్వాత మాట్లాడితే గొంతు తడితడిగా, గుడగుడమంటూ వినిపించింది. విన్నాను, పట్టించుకోలేదు.

ఆ తర్వాత జ్వరం, ఆయాసం. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయాయన్నారు డాక్టరు గారు. మింగే క్షణంలో శ్వాసనాళం మూసుకోవాలి, అన్నవాహిక తెరుచుకోవాలి. మెదడు దెబ్బతింటే ఆ వరస తప్పుతుంది. నీళ్లు పలచన కాబట్టి నాళం మూసుకునేలోపే జారిపోతాయి. గొంతులో స్పర్శ తగ్గితే దగ్గు కూడా రాదు. పక్షవాతం వచ్చిన తొలి రోజుల్లో దాదాపు సగం మందికి మింగడం కష్టమవుతుందట.

ఆహారం కోసం ముక్కుగొట్టం వెయ్యాలంటే మొదట వద్దన్నాను. గొట్టం పడిందంటే ఇక ఆశ లేనట్టేనని చుట్టాలు అన్నారు, నేనూ నమ్మాను. నిజానికి నాన్న నీరసించిపోకుండా కాపాడింది ఆ గొట్టమే.

తర్వాత స్పీచ్ థెరపిస్టు వచ్చి మింగించడం ఎలాగో నేర్పారు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కిందికి వంచమని, చిన్న చెంచాతో చిక్కటి రాగిజావ పెట్టమని చెప్పారు. ఒక చెంచా పూర్తిగా మింగాకే ఇంకొకటి. ఎడమ బుగ్గలో మెతుకు మిగిలిందేమో వేలితో కాదు, టార్చి వేసి చూడాలి. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. రోజూ పళ్లూ నాలుకా శుభ్రం చెయ్యాలి, ఎందుకంటే మురికి నోటి ఉమ్మి లోపలికి జారినా న్యుమోనియా వస్తుంది. అయితే గడ్డం వంచడం అందరికీ పనికిరాదు, ఎవరికేది సరిపోతుందో పరీక్ష చేసి చెప్పాలన్నారు.

కొందరికి అన్నవాహిక పై కండరం బిగుసుకుపోయి వదలదు. అలాంటివాళ్లకి ఎక్స్‌రే వీడియో తీసి చూసి, బొటులినమ్ ఇంజెక్షన్‌ ఇవ్వడమో బెలూన్‌తో వెడల్పు చెయ్యడమో చేస్తారు. నాన్నకి ఆ అవసరం రాలేదు. సాధన చేయగా చేయగా గొట్టం తీసేశారు.

మీ ఇంట్లో ఎవరికైనా పక్షవాతం వస్తే, నీళ్లూ మాత్రా నోట్లో వేసేముందు "మింగుడు పరీక్ష అయిందా?" అని అడగండి. కాలేదంటే, వాళ్లు ఎంత బతిమాలినా పొయ్యకండి.