బొగ్గుబాయి అంచున ఆదికాండం

ఆదికాండపు తొలి పదకొండు అధ్యాయాలను గూర్చి నాలుగు మాటలు రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. నేను వేదాంత పండితుణ్ణి కాను, ప్రసంగీకుణ్ణి అంతకన్నా కాను. గోదావరిఖనిలో ఒక బొగ్గుగని కార్మికుని ఇంట పుట్టినవాణ్ణి. ఈ అధ్యాయాలు నా చెవిన మొదట పడింది గుడిలో కాదు, కంపెనీ క్వార్టరు వసారాలో. కనుక దీనిని వ్యాఖ్యానంగా కాక ఒక ఒప్పుకోలుగా చదువుకోవాలని మనవి. ఇతర మతాల మిత్రులు కూడా కాస్త ఓపిక పడతారని ఆశ.

మా బాపు కోల్ ఫిల్లరు. తట్టా చెమ్మసులతో బొగ్గు ఎత్తి టబ్బులు నింపడం ఆయన పని. చదువు నాలుగో తరగతి. కళ్లకు మసక కమ్మడం మొదలయ్యాక ఆదివారం సాయంత్రాలు బైబిలు నా చేతికిచ్చి చదవమనేవాడు. ఎక్కడినుండి అంటే, "మొదటికెల్లి" అనేవాడు. బాబెలు గోపురం దాకా వచ్చేసరికి నైట్ షిఫ్టుల వారం వచ్చి చదువు ఆగిపోయేది. మళ్లీ కూర్చున్నప్పుడు మళ్లీ "మొదటికెల్లి". ఆ విధంగా మా ఇంట అబ్రాహాము చాలా ఆలస్యంగా ప్రవేశించాడు.

బొగ్గూ బైబిలూ మా వంటివారి జీవితాల్లోకి దాదాపు ఒకే రైలుదారిన వచ్చాయని నాకు తోస్తుంది. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. సమీప గ్రామమైన సింగరేణి పేరు ఆ గనులకు స్థిరపడి, 1920 డిసెంబరు 23న ఏర్పడిన కంపెనీకీ అదే పేరైంది. ఆ గనులకు పోయే దారిలో రైల్వే జంక్షను దోర్నకల్. 1912లో ఆ దోర్నకల్‌కే వి.ఎస్. అజరయ్య బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడాయన. గనులు ఉత్తరానికి పాకి 1960ల నాటికి గోదావరి ఒడ్డు చేరాయి. మా తాత తన పల్లెలో బాప్తిస్మం పొందాడు. బాపు ఆ పల్లె విడిచి బాయిలో దిగాడు.

* * *

ఒకనాడు బాపు టిఫిన్ డబ్బాలో ఒక రాతిపలక తెచ్చాడు. బొగ్గుపొర పైకప్పునుండి ఊడిపడిన ముక్క. దానిమీద నాలుక ఆకారంలో ఒక ఆకు ముద్ర. నడుమ ఒక ఈనె, ఇరుపక్కలా వలవలె అల్లుకున్న సన్నని ఈనెలు. "మూడోనాడు దేవుడు మొలిపించిన చెట్టుది" అన్నాడు బాపు. ఆదికాండం ప్రకారం చెట్టూ చేమా మొలిచింది మూడో దినాన.

నేను అప్పటికి డిగ్రీలో భూగర్భశాస్త్రం చదువుతున్నాను. ఆ ఆకు పేరు గ్లోసోప్టెరిస్ అని నాకు తెలుసు. మన గోండుల పేరుమీద గోండ్వానా అని పిలిచే ప్రాచీన భూఖండమంతటా ఆ చెట్లు పెరిగాయి. 1912లో దక్షిణ ధ్రువంనుండి తిరిగి వస్తూ మంచులో మరణించిన రాబర్ట్ స్కాట్ బృందం చివరిదాకా మోసిన రాళ్లలోనూ ఈ ఆకు ముద్రలే ఉన్నాయి. ఆ విజ్ఞానమంతా ఒలకబోసి, "ఇది ఇరవై అయిదు కోట్ల ఏండ్ల కిందటిది బాపూ, మూడోనాటిది కాదు" అన్నాను. పదిహేడవ శతాబ్దంలో ఆర్చిబిషప్ అషర్ సృష్టి క్రీస్తుపూర్వం 4004లో జరిగిందని లెక్క కట్టిన సంగతి కూడా చెప్పి నవ్వాను. బాపుకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"లెక్క గట్టెటందుకు అప్పుడు సూర్యుడే లేకపాయె గద బిడ్డా. నాలుగోనాడు గదా సూర్యుణ్ని జేసింది. బాయిల దిగినంక పగలేదో రాత్రేదో నాకే ఎరుక గాదు. సర్దారు అయిపోయిందంటె అయిపోయినట్టు. దేవుని షిఫ్టు ఎన్ని గంటలో నువ్వు జెప్తవా?"

మూడవ శతాబ్దంలో ఓరిజెన్, ఆ తర్వాత అగస్టీను, సూర్యుడు లేని ఆ మొదటి మూడు దినాలను గూర్చి ఇదే చిక్కును లేవదీశారనీ, అవి మనం ఎరిగిన దినాలు కావని తలచారనీ చాలా ఏళ్ల తర్వాత చదివాను. నాలుగో తరగతి చదివిన మా బాపు వారి గ్రంథాలు ఎరుగడు. చీకటిలో పనిచేసిన అనుభవంతోనే ఆ చోటికి చేరాడు. అప్పటినుండి ఆరు దినాల తగవు నాకు ప్రధానం కాకుండా పోయింది. ఆ రాతిపలక ఇప్పుడు నా బల్లమీద ఉంది. ఒక కాలపు ఎండను ఆకులు తాగి, మట్టిలో కూరుకుపోయి, బొగ్గై, రామగుండంలో మండి మా ఇంటి బల్బుగా వెలిగిన వైనం తలచుకుంటే, వెలుగుతో మొదలయ్యే ఆ మొదటి అధ్యాయం నాకు కట్టుకథగా తోచదు.

* * *

బాపుకు అయిదో అధ్యాయమంటే ఇష్టం. చదివేవాళ్లందరూ దాటేసే అధ్యాయమది. ఫలానావాడు ఇన్నేళ్లు బ్రతికాడు, ఇతన్ని కన్నాడు, చనిపోయాడు. తర్వాతివాడు, అతని ఏళ్లు, అతని చావు. "ఇది మస్టరు" అనేవాడు బాపు. ఒక్క హనోకు దగ్గర మాత్రం చావు మాట లేదు, దేవుడు తీసుకుపోయాడని ఉంది. అక్కడికి రాగానే, "ఈయన బిళ్ల ల్యాంపు రూములనే ఉంది, మనిషి మాత్రం మీదికి పాయె" అని నవ్వేవాడు.

ఆ బిళ్ల సంగతి తెలియనివారికి చెప్పాలి. బాయి దిగేముందు మస్టరు పడాలి. ల్యాంపు రూములో తన నంబరు బిళ్ల ఇచ్చి, టోపీకి తగిలించుకునే ల్యాంపు తీసుకోవాలి. షిఫ్టు అయ్యాక ల్యాంపు అప్పగించి బిళ్ల తీసుకోవాలి. అందరూ ఎక్కిన తర్వాత కూడా ఒక బిళ్ల కొక్కేనికే వేలాడుతున్నదంటే ఒక మనిషి ఇంకా కిందనే ఉన్నాడని అర్థం. అప్పుడు వెదుకులాట మొదలవుతుంది.

మూడో అధ్యాయంలో పండు తిన్న ఆదామూ హవ్వా చెట్లచాటున దాక్కుంటారు. అప్పుడు దేవుడు మనిషిని అడిగే మొట్టమొదటి ప్రశ్న, ఎక్కడున్నావని. అన్నీ తెలిసిన దేవుడు అడగడమేమిటని నేను బాపును నిలదీశాను.

"తెల్వక అడుగుడు గాదు బిడ్డా. ఇంకొక బిళ్ల ఉన్నదంటె సర్దారు ఇంటికి పోతడా? నువ్వు మీదికి రాకుంటె నేను పోనని చెప్పుడది."

హీబ్రూలో మనిషిని ఆదాం అంటారు, నేలను అదామా అంటారు. మట్టినుండి వచ్చినవాడు, మట్టిలోకి పోయేవాడు. దేవుడు శపించింది నేలనే గాని మనిషిని కాదనీ, తోటను సేద్యపరచి కాయమన్న ఆజ్ఞ శాపానికి ముందే ఉన్నదనీ, అంటే పని శిక్ష కాదనీ నేను గమనించింది ఆ వసారాలోనే. ఇవన్నీ ఇంత చక్కగా గమనించినవాణ్ణి, తర్వాతి అధ్యాయంలోని రెండో ప్రశ్నను మాత్రం వినలేదు.

* * *

1993లో చూపు మందగించిన బాపును మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేసింది. ఆయన స్థానంలో కొడుకులలో ఒకరికి ఉద్యోగం వస్తుంది. మేమిద్దరం. నాకు హైదరాబాదులో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. తమ్ముడికి ఇరవై ఏళ్లు, పాలిటెక్నిక్ చదవాలని వాడి కోరిక. ఆ రాత్రి అవ్వ అన్నం వడ్డిస్తున్నది. ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి తమ్ముడు తలెత్తకుండా, "అన్న చదువుకోనియ్యి, నేను దిగుత" అన్నాడు.

నేను వద్దనలేదు. సరేననీ అనలేదు. చేయి కడుక్కుని లేచాను. నా పాపమంతా ఆ మౌనంలో ఉంది.

కయీను హేబెలును పొలంలో చంపాడు. నేనెవరినీ చంపలేదు. కానీ ఆ కథలో కయీను పెద్దవాడు, హేబెలు చిన్నవాడు. దేవుడు తమ్ముడేడని అడిగితే పెద్దవాడు జవాబుకు బదులు ప్రశ్న వేశాడు, నేనేమన్నా వాడికి కావలివాణ్ణా అని. నేల నోరు తెరిచి తమ్ముని రక్తం తాగిందని ఆ అధ్యాయంలో ఉంటుంది. ఆ మాట చదివినప్పుడల్లా నాకు బాయి ముఖద్వారం కళ్లముందు నిలుస్తుంది. నేను భూగర్భశాస్త్రాన్ని పుస్తకాలలో చదివాను. తమ్ముడు భూగర్భంలోనే బ్రతికాడు. నేను ఉద్యోగంలో చేరాక పండగలకు బట్టలు పంపాను, వాడి పిల్లల ఫీజులు కొన్ని కట్టాను. కయీను కూడా ఏవో పంటలు తెచ్చి అర్పించినవాడే కదా.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు ముంచెత్తి 17 మంది కార్మికులు మరణించారు. హైదరాబాదులో ఆ వార్త టీవీలో చూసి, వణికే చేతులతో పక్కింటి వారి నంబరు తిప్పాను. తమ్ముడిది వేరే గనియని తెలుసు. అయినా నోటినుండి వచ్చినమాట ఒకటే: "తమ్ముడు ఏడున్నడు?" వాడు క్షేమంగా ఉన్నాడు. పది సంవత్సరాలలో ఆ ప్రశ్నను నేను మనసారా అడిగింది అదే మొదటిసారి. అడిగించినది ప్రేమయో, భయమో చెప్పలేను.

ఆ వారం ఊరికి పోయాను. వీధులలో మాటలు లేవు. ఆదివారం బాపు నోవహు కథ చదవమన్నాడు. ఓడ తలుపు దేవుడే మూశాడన్నచోట ఆపమని చేయి ఎత్తాడు. చాలాసేపటికి, "బయటున్నోళ్ల పేర్లు రాయలే" అన్నాడు. తర్వాత నన్ను వెనక్కి పోయి ఆరో అధ్యాయంలో ఒకచోట మళ్లీ చదవమన్నాడు. మనిషిని చేసినందుకు దేవుని హృదయం నొచ్చుకున్నదని ఉంటుందక్కడ. జలప్రళయ కథను శిక్ష కథగానే విని పెరిగాను. నొచ్చుకున్న హృదయమొకటి ఆ కథ మొదట్లోనే ఉన్నదని ఆనాడే కంటబడింది. ఇంద్రధనుస్సు కూడా మనకోసం కాదట, దేవుడు తన మాటను తానే జ్ఞాపకం చేసుకోవడానికి పెట్టుకున్న గుర్తట. నేను బాపును ఓదార్చే మాటలేవీ చెప్పలేకపోయాను. చదవడం ఒక్కటే చేశాను.

బాపు 2009లో పోయాడు. 2016లో మా ఊరు కరీంనగర్ జిల్లానుండి కొత్త పెద్దపల్లి జిల్లాలోకి వచ్చింది. తమ్ముడు మాత్రం షిఫ్టులు మారుతూ దిగుతూనే ఉన్నాడు.

పోయిన క్రిస్మస్‌కు ఇద్దరం గోదావరి వంతెన దగ్గర నిలబడి ఉండగా, ముప్పై ఏళ్లకు పైగా గొంతులో ఉన్నమాట బయటపెట్టాను. ఆనాడు నేను వద్దనవలసిందిరా అన్నాను. వాడు నీళ్లవైపు చూస్తూ నిదానంగా చెప్పాడు.

"దిగుడు కష్టంగాలే అన్నా, అలవాటైంది. నువ్వు వద్దన్నా నేనే దిగుదును కావచ్చు. గని నువ్వేమంటవురా అని ఆనాడు నన్నెవ్వలు అడగకపాయిరి. గదొక్కటే."

నేను వాడి చేయి పట్టుకున్నాను. క్షమించానని వాడు అనలేదు. నేనూ అడగలేదు. తిరిగివస్తూ దారిపొడవునా ఆ మాటనే తలచుకున్నాను. ఆదికాండంలో దేవుడు తనకు తెలిసిన సంగతులనే పదేపదే మనిషిని అడుగుతాడు. దాక్కున్నవాణ్ణీ అడిగాడు, తమ్ముణ్ణి చంపినవాణ్ణీ అడిగాడు. అడగడమంటే ఎదుటివాడికి జవాబు చెప్పే చోటు ఇవ్వడం. మా ఇంట ఆ రాత్రి అన్నం ముందు నలుగురం కూర్చున్నాం. నాతో సహా ఎవ్వరం ఆ చోటు వాడికి ఇవ్వలేదు.

ఇప్పుడు వాడి షిఫ్టు ముగిసే వేళ చూసుకుని ఫోన్ చేస్తున్నాను. చెప్పుకోవడానికి విశేషాలేమీ ఉండవు. నిన్న రాత్రి కూడా, "ఏడున్నవురా?" అని అడిగాను.

"ఇప్పుడే ఎక్కిన అన్నా. ల్యాంపు ఇచ్చి, బిళ్ల తీసుకున్న" అన్నాడు.