కింది గది

మా ఇంటికి సెల్లార్ ఉందంటే తిరుపతిలో చాలామంది నమ్మరు. మా స్థలం రోడ్డు కంటే బాగా పల్లంలో ఉండేది. మట్టి తోలించే ఖర్చుకు ఇంకొంచెం కలిపి, కింద ఒక గది కట్టించేశాడు మా నాయన. ఇరవై ఏళ్ళు అందులో బియ్యం మూటలు, పాత సైకిలు, రెండు డోళ్ళు ఉండేవి. కరోనా తర్వాత నేను బెంగళూరు నుంచి వచ్చేసి, దానికి టైల్స్ వేయించి ఆఫీసు చేసుకున్నాను.

నాయన డోలు విద్వాంసుడు. పెళ్ళిళ్ళు, గుడి ఉత్సవాలు, గంగజాతరలు కలిపి నలభై ఏళ్ళ అనుభవం. కచేరీలు తగ్గినా పొద్దున గంటసేపు సాధకం మాత్రం మానలేదు. ఈమధ్య మా వెనక అపార్ట్‌మెంట్ లేచింది. అక్కడినుంచి ఒకాయన వచ్చి, "పాప నీట్‌కు చదువుతా ఉంది, పెద్దాయనకు కొంచెం చెప్పండి" అన్నాడు, చాలా మర్యాదగా. ఆ మర్యాదకే నాకు తల కొట్టేసినట్టయింది. నాయనకు చెప్పలేదు. కింది గదిని సౌండ్‌ప్రూఫ్ చేద్దాం, పొద్దున సాధకం, పగలు నా ఆఫీసు, రాత్రి అందరం సినిమా చూసుకోవచ్చు అన్నాను.

మొదటి తప్పు అందరూ చేసేదే. గోడల నిండా ఫోమ్ అంటించాను. గదిలో గింగురుమనడం పోయింది గానీ, పైన వంటింట్లో డోలు ఎప్పటిలాగే మోగింది. ఫోమ్ ప్రతిధ్వనిని తగ్గిస్తుందే తప్ప శబ్దాన్ని ఆపదు. ఆపాలంటే బరువుండాలి, సందు ఉండకూడదు, లోపలి గోడ బయటి గోడకు తగలకూడదు. గోడ బరువు రెట్టింపు చేస్తే, లెక్క ప్రకారం తగ్గేది 6 డెసిబెల్సే. అదే తలుపు కింద వేలెడు సందు వదిలితే, అంత గోడా దండగ. గాలి దూరే చోటల్లా శబ్దం దూరుతుంది. అందుకని గోడకు కొంచెం ఎడంగా ఫ్రేమ్ కట్టించి, మధ్యలో రాక్‌వూల్ నింపి, రెండు పొరల జిప్సం బోర్డు వేయించాను. బరువైన తలుపు పెట్టి, చుట్టూ రబ్బరు బిగించాం. నాయన కింద కూర్చుని వాయిస్తాడు కాబట్టి, ఎడమపక్క దెబ్బ నేలలోకి దిగి గోడలెక్కకుండా రబ్బరు మీద చెక్క అరుగు చేయించాను. ఇంత మూసేస్తే తిరుపతి ఎండలకు మనిషి ఉడికిపోతాడు గదా, గాలికి మలుపులు తిరిగే గొట్టం పెట్టాల్సి వచ్చింది. మేస్త్రీ నవ్వి, "నీళ్ళు కారకుండా చేసినాం గానీ సార్, శబ్దం కారకుండా చేయడం ఇదే మొదలు" అన్నాడు.

నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి నిబంధనలు చెబుతాయి. ఫోన్ యాప్‌ను మరీ నమ్మకూడదు గానీ, ప్రహరీ దగ్గర నాకు 45 చూపించింది. గదిలో 100. గర్వంగా ఉండింది.

తొలిరోజు నేనూ లోపలే కూర్చున్నాను. పది నిమిషాలకే నా చెవులు గుయ్‌మన్నాయి. నాయన మధ్యలో ఆపేశాడు.

"ఏందిరా, కుడిపక్క చచ్చినట్టుంది? నీ గది శబ్దాన్ని మింగేస్తా ఉండాది."

అదీ నిజమే కావచ్చనుకున్నాను. ఫోమ్ ముందుగా తినేది పదునైన శబ్దాలనే. సగం ఫోమ్ పీకించి ప్లైవుడ్ వేయించాను. "అట్లనే ఉండాది" అన్నాడు. డోలు మూత బిగించి చూశాడు. ఇంకా గట్టిగా వాయించి చూశాడు.

విషయం బయటపెట్టింది మా పాప. ఒక సాయంత్రం ముగ్గురం ఆ గదిలోనే ఉన్నాం. పాప ఆయన వెనక కూర్చుని బొమ్మలేసుకుంటూ, "తాతా, స్కెచ్ పెన్ ఇవ్వు" అంది. ఆయన తిరగలేదు. మళ్ళీ అడిగింది. తిరగలేదు. పైన కుక్కర్, టీవీ, రోడ్డు మధ్య మేమందరం అరుచుకునే మాట్లాడతాం. కింద ఏ రొదా లేదు కాబట్టి, ఆ పిల్ల మెల్లగా మాట్లాడింది. భోజనాల దగ్గర నాయన పలక్కపోతే పట్టించుకోవడం లేదని అమ్మ విసుక్కునేది. నేనూ విసుక్కున్నాను.

చెవుల పరీక్ష కాగితం మీద గీత కొంతదూరం సమంగా వెళ్ళి, 4000 హెర్ట్జ్ దగ్గర బావిలోకి దిగినట్టు దిగిపోయింది. పెద్ద శబ్దాల మధ్య బతికినవాళ్ళకు ముందు దెబ్బతినేది అక్కడేనట. పోయింది రాదు, ఉన్నది కాపాడుకోవాలి అన్నారు డాక్టరు. ఇంటికొచ్చి చదివాను. 85 డెసిబెల్స్ అయితే ఎనిమిది గంటలు భరించవచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగం కావాలి. 100 అయితే పావుగంట. శబ్దం వెనక అపార్ట్‌మెంట్‌కు ఎంత పోతుందని వారాల తరబడి కొలిచినవాణ్ణి, రెండడుగుల దూరంలో ఉన్న మనిషి చెవికి ఎంత తగులుతుందని ఒక్కసారీ కొలవలేదు. పైగా ఆ శబ్దాన్ని బయటికి పోనీకుండా నాలుగు గోడలు కట్టి, ప్లైవుడ్ వేసి మరీ తిరిగి ఆయన మీదికే పంపాను.

తిరుమల గుడిలో సంకీర్తన భండారం అని చిన్న రాతిగది ఉంది. ద్వారానికి అటూ ఇటూ ఉన్న శిల్పాలు అన్నమయ్యవీ, కొడుకు పెద తిరుమలయ్యవీ అంటారు. తండ్రి పాటలు రాగిరేకులకెక్కి ఆ గదిలో వందల ఏళ్ళు ఉండిపోయాయి. సాహిత్యం మిగిలింది, రాగాల పేర్లు మిగిలాయి. ఆయన ఎట్లా పాడేవాడో మాత్రం ఎవరికీ తెలియదు. చిన్నప్పటినుంచీ తెలిసిన సంగతే ఇది. ఇప్పుడు నిద్ర పట్టనివ్వడం లేదు.

నాయన ఇప్పుడు చెవులకు ప్లగ్గులు పెట్టుకుని పావుగంటే వాయిస్తాడు. మిగతా ముప్పావుగంట నోటితో జతులు చెబుతాడు, పాప తొడ మీద తాళం వేస్తుంది. నేను మైకు పెట్టి రెండూ రికార్డు చేస్తున్నాను. అంతా అయ్యాక హెడ్‌ఫోన్స్ ఇవ్వబోతే తీసుకోడు.

"నాకెందుకు, నువ్వే విను. కుడిపక్క పడిందా లేదా చెప్పు" అంటాడు.

పడిందని చెప్పడానికి, ముందు నేను వినడం నేర్చుకుంటున్నాను.