దిగ్లీపూరులో అనుకోని అతిథి

అండమాన్ దీవులనగానే మనలో చాలామందికి మొదట స్ఫురించేది సెల్యులార్ జైలు. 1896లో ఆరంభమై 1906లో పూర్తయిన ఆ కారాగారాన్ని దర్శించి, రాస్ దీవిలోని శిథిలాలను తిలకించి, హేవ్‌లాక్ దీవి తీరంలో ఒక సాయంకాలం గడిపి తిరిగివచ్చే యాత్రికులే అధికం. ఆ రెండు దీవులకు 2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అనీ, స్వరాజ్ ద్వీప్ అనీ నామకరణం చేశారు. రాజధాని పోర్ట్‌బ్లెయిర్ పేరు కూడా 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది. అయితే ఉద్యోగరీత్యా నేను రెండేళ్లపాటు నివసించినది యాత్రికుల సందడికి దూరంగా, ఉత్తరాగ్రాన ఉన్న దిగ్లీపూరులో. ఆ ఊరి విశేషాలతోపాటు, అక్కడ మా ఇంటికి పిలవకుండా వచ్చిన ఒక అతిథిని గురించి కూడా పాఠకులకు తెలియజేయాలని ఈ వ్యాసం.

విశాఖపట్నం నుండి ఓడలో బయలుదేరితే పోర్ట్‌బ్లెయిర్ చేరడానికి రెండున్నర మూడు రోజులు పడుతుంది. అక్కడినుండి దిగ్లీపూరుకు అండమాన్ ట్రంక్ రోడ్డు మీద సుమారు 300 కిలోమీటర్ల ప్రయాణం. జిర్కాటాంగ్ వద్ద వాహనాలన్నిటినీ వరుసకట్టించి, జరావా ఆదివాసుల అభయారణ్యం గుండా పోలీసు రక్షణతో పంపుతారు. దారిలో ఆగరాదు, ఛాయాచిత్రాలు తీయరాదు. మిడిల్ స్ట్రెయిట్ వద్ద బస్సుతో సహా పడవమీద సముద్రపు పాయను దాటి బారాటాంగ్ చేరుకోవాలి. ఆ పైన రంగత్, మాయాబందర్ మీదుగా దిగ్లీపూరు చేరేసరికి చీకటి పడుతుంది.

ఊరికి ఒక ప్రక్క అండమాన్ దీవులన్నిటిలోకి ఎత్తయిన శాడిల్ పీక్ శిఖరం. దాని ఎత్తు 732 మీటర్లు. మరొక ప్రక్క పచ్చని వరిచేలు, అరటి తోటలు, పోకచెట్లు. దేశ విభజన తరువాత తూర్పు బెంగాలు నుండి తరలివచ్చిన శరణార్థులకు ఇక్కడ భూములిచ్చి పునరావాసం కల్పించినందున, వీధిలో వినవచ్చేది ప్రధానంగా బెంగాలీ భాషే. అయినా చేపల బజారుకు వెళితే శ్రీకాకుళం యాస చెవినబడి ప్రాణం లేచివస్తుంది. ఇంజనీరుకు ప్రత్యేకంగా చూడదగినది కల్పాంగ్ నదిపై నిర్మించిన 5.25 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం. 2001లో ప్రారంభమైన ఈ కేంద్రం ఈ దీవులలో మొట్టమొదటి జలవిద్యుత్ కేంద్రం. ప్రధాన భూభాగపు విద్యుత్ వ్యవస్థతో సంబంధం లేక, ఎక్కువగా డీజిలు యంత్రాల మీద ఆధారపడిన ఈ దీవులలో దానికున్న విలువ మనవంటివారికి వేరే చెప్పనక్కరలేదు.

అతిథి రాక

ఈ దీవులలో సాలీనా 3000 మిల్లీమీటర్ల వరకు వర్షం కురుస్తుంది. మే నెలలో మొదలైన వాన నవంబరు దాటేవరకు విడిచిపెట్టదు. అటువంటి ఒక జూలై నెల ఉదయం, మా క్వార్టరు ముందున్న కల్వర్టు క్రింద నీటిమట్టం పెరుగుతుండగా సన్నని మూలుగు వినిపించింది. మా ఇంటికి చేపలు తెచ్చే శ్రీకాకుళం జాలరి ఒకరు లుంగీ ఎగగట్టి తూములోకి దిగి, గుప్పెడంత కుక్కపిల్లను పైకి తీశారు. తల్లి జాడ లేదు. "బాబూ, ఇది మీ గుమ్మంలోకే వచ్చింది. ఇంక మీదే" అని దానిని నా చేతిలో పెట్టి, తన బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయారు.

మా వంశంలో కుక్కను పెంచినవారెవరూ లేరు. నా శ్రీమతికి చిన్ననాటినుండి కుక్కలంటే భయం. "ఏమండీ, వాన తగ్గేవరకే" అని షరతు పెట్టి, పాత తువ్వాలు ఒకటి తెచ్చి ఇచ్చింది. అండమానులో వాన ఎప్పుడు తగ్గుతుందో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. సెలవులకు వచ్చిన మా అమ్మాయి దానికి కల్పాంగ్ నది పేరుమీదుగా 'కల్పు' అని పేరు పెట్టింది. పేరు పెట్టిన తరువాత ఏ ప్రాణినీ బయటకు పంపలేమన్న సత్యం ఆ రోజే బోధపడింది.

మొదటి పాఠాలు

యంత్రమైతే దానితోపాటు వివరాల పుస్తకం వస్తుంది. కుక్కపిల్లకు అటువంటిది ఉండదు. అందుచేత మరునాడే దానిని పశువైద్యశాలకు తీసుకువెళ్లాము. వైద్యుడు నోరు తెరిచి పళ్లు చూసి, ఐదు వారాల వయస్సని తేల్చారు. కుక్కపిల్లకు మూడు నాలుగు వారాలకు పాలపళ్లు రావడం మొదలై, రెండు నెలలకు 28 పళ్లు పూర్తవుతాయట. అవి రాలి, ఏడు నెలలకల్లా 42 శాశ్వత దంతాలు వస్తాయి.

వైద్యుడు చెప్పిన విషయాలలో మాకు ఆశ్చర్యం కలిగించినది ఆవుపాల సంగతి. మనం ప్రేమతో గిన్నెనిండా పాలు పోస్తాము. ఆవుపాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి చాలా కుక్కపిల్లలకు చాలినంత ఉండదు. విరేచనాలు పట్టుకుని, ఒంట్లో నీరు తగ్గి ప్రాణం మీదికి వస్తుంది. మెత్తగా ఉడికించిన అన్నంలో ముల్లు తీసిన చేపను గాని, ఎముక తీసిన కోడిమాంసాన్ని గాని కలిపి, కొద్దికొద్దిగా రోజుకు నాలుగు సార్లు పెట్టమన్నారు. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష కుక్కలకు విషప్రాయాలు. ఉడికించిన కోడి ఎముకలు ముక్కలై పేగులకు గుచ్చుకుంటాయి. పన్నెండు వారాలు నిండేవరకు రెండు వారాలకొకసారి నులిపురుగుల మందు పట్టించాలి. పార్వో, డిస్టెంపర్ వంటి వ్యాధులకు ఆరు నుండి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా వేయించి, మూడు నాలుగు వారాల వ్యవధితో నాలుగు నెలల వయస్సు వరకు తిరిగి వేయించాలి. ఆ టీకాలు పూర్తయ్యేవరకు వీధికుక్కలు తిరిగే చోట నేలమీద వదలరాదు.

ఇంటికి రాగానే ఒక లాగ్‌బుక్ ప్రారంభించాను. ఆహారం, బరువు, విసర్జన వేళలు, మందులు అన్నీ అందులో నమోదయ్యేవి. వారం గడిచేసరికి ఆ పుస్తకంలో ఒక క్రమం కనిపించింది. నిద్ర లేచిన వెంటనే, తిన్న పదిహేను నిమిషాలకు, ఆడిన తరువాత దానికి బయటకు వెళ్లవలసిన అవసరం కలుగుతున్నది. ఆ మూడు వేళలలో గొడుగు పట్టుకుని పెరటిలోకి తీసుకువెళితే చాలు, ఇల్లు శుభ్రంగా ఉండేది. కొట్టడం గాని, కసరడం గాని అవసరం రాలేదు. రాత్రివేళ ఏడుపు మాన్పడానికి వేడినీటి సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టాము. నాలుగవ రాత్రి నేను లేచి చూసేసరికి, కుక్కలంటే భయమన్న మా శ్రీమతి ఆ తువ్వాలు పక్కనే చాపమీద నిద్రపోతున్నది.

కుక్కకూ కొత్త, మనిషికీ కొత్త

ఈ దీవులలో కుక్క కూడా ఓడ దిగివచ్చిన ప్రాణియేనని తరువాత చదివి తెలుసుకున్నాను. 1858 మార్చిలో బ్రిటిషు ప్రభుత్వం పోర్ట్‌బ్లెయిరులో ఖైదీల స్థావరం నెలకొల్పేవరకు అండమాన్ ఆదివాసులకు కుక్కల పెంపకం తెలియదు. ఆ అడవులలో పెద్ద క్రూరమృగాలు లేవు. వేటకు దొరికే పెద్ద నేలజంతువు అడవిపంది ఒక్కటే. విల్లంబులతో పొంచి ఉండి దానిని వేటాడేవారు. కుక్క వాసనపట్టి పందిని నిలబెట్టగలదని గ్రహించిన తరువాత, వారు దానిని త్వరగానే తమలో కలుపుకున్నారు. లిటిల్ అండమాన్‌లోని ఓంగేల మధ్య 1950 దశకంలో పరిశోధన చేసిన ఇటలీ మానవశాస్త్రవేత్త లిడియో చిప్రియాని కూడా కుక్కల రాకతో వారి పందివేట ఎలా మారిందో వివరించారు.

ఆలోచించి చూస్తే, తాతముత్తాతల అనుభవం లేకుండా, చెప్పేవారు లేకుండా ఒక కొత్త జంతువును చేరదీసిన ఆ అడవి మనుషులకంటె మా పరిస్థితి చాలా మెరుగు. మాకు వైద్యుడున్నారు, మందులున్నాయి, సలహా చెప్పే ఇరుగుపొరుగులున్నారు.

అక్కడి ప్రమాదాలు

ఆ వాతావరణంలో కుక్కపిల్లను పెంచడానికి కొన్ని ప్రత్యేక జాగ్రత్తలు అవసరం. నెలల తరబడి తేమ ఉండటంవల్ల చర్మవ్యాధులు, గోమార్లు విజృంభిస్తాయి. ప్రతి సాయంత్రం చెవుల వెనుక, కాలివ్రేళ్ల మధ్య వెదకి తీసివేయడం మా శ్రీమతి దినచర్యలో భాగమైంది. అక్కడి జెర్రులు జానెడు పొడవు వరకు పెరుగుతాయి. వాటి కాటు భరింపరాని నొప్పి కలిగిస్తుంది. అందుచేత పడక క్రింద గుడ్డలు దులపకుండా దానిని పడుకోబెట్టేవారము కాదు. అన్నిటికంటె ప్రమాదకరమైనది ఉప్పునీటి మొసలి. మడ అడవుల మధ్య పాయలలో అది నీటి క్రింద కదలకుండా పొంచి ఉంటుంది. నీటి అంచున తిరిగే కుక్క దానికి సులువుగా దొరికే ఆహారం. కుక్క వెంట నీటిదాకా వెళ్లే యజమానికీ అదే ప్రమాదం.

రేబిస్ వ్యాధి విషయంలో మాత్రం ఈ దీవులు అదృష్టం చేసుకున్నాయి. భారతదేశంలో అండమాన్ నికోబార్, లక్షద్వీప్‌లు రేబిస్ లేని ప్రాంతాలుగా చాలాకాలంగా గుర్తింపు పొందాయి. చుట్టూ ఉన్న సముద్రమే వాటికి కోటగోడ. అందువల్లనే ప్రధాన భూభాగం నుండి కుక్కను తీసుకువెళ్లేవారి బాధ్యత మరింత ఎక్కువ. టీకా లేని ఒక్క కుక్క చాలు, ఆ గోడకు బీట పడటానికి.

కాలిపూర్ తీరంలో

దిగ్లీపూరుకు సుమారు 18 కిలోమీటర్ల దూరంలో కాలిపూర్ సముద్రతీరం ఉంది. ఇసుక నల్లగా, చూపరులకు అంత ఆకర్షణీయంగా ఉండదు. కాని ఆలివ్ రిడ్లే, గ్రీన్, హాక్స్‌బిల్, లెదర్‌బ్యాక్ అనే నాలుగు జాతుల సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెట్టే అరుదైన తీరంగా దానికి పేరు. చలికాలపు రాత్రులలో తల్లి తాబేలు ఒడ్డుకు పాకివచ్చి, వెనుక కాళ్లతో గొయ్యి తవ్వి, గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనుదిరిగి చూడకుండా సముద్రంలోకి వెళ్లిపోతుంది. మన శ్రీకాకుళం తీరానికి కూడా వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు ఒక్కొక్క గూటిలో సుమారు నూరు గ్రుడ్లు పెడుతుంది. నలభై ఐదు నుండి అరవై రోజులకు అవి పొదుగుతాయి. అటవీశాఖవారు గ్రుడ్లను సేకరించి, కంచె వేసిన సంరక్షణ స్థలంలో పూడ్చి, పిల్లలు బయటికి రాగానే సముద్రంలో విడుస్తారు.

డిసెంబరు చివర ఒక వేకువన మేము అక్కడికి వెళ్లాము. కంచెకు దూరంగా, ఎవరి కంటా పడని ఒక గూడు తెల్లవారకముందే తవ్వివేయబడి ఉంది. తోలువంటి గ్రుడ్ల పెంకులు ఇసుకమీద చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. చుట్టూ కుక్కల అడుగుజాడలు. ఆ దృశ్యం చూసి నోట మాట రాలేదు. కాపలాదారు మాత్రం, "సాబ్, ఇవి అడవికుక్కలు కావు. ఎవరో పెంచి, బదిలీ మీద పోతూ వదిలివేసినవి, వాటి పిల్లలు" అన్నాడు.

అప్పటికి కల్పు వయస్సు ఆరు నెలలు దాటింది. ఆ మాట విన్న వారంలోనే దానికి సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించాము. రాత్రివేళ గేటు మూయడం, తీరంవైపు వెళ్లినపుడు గొలుసు వదలకపోవడం ఇంటి నియమాలయ్యాయి.

బదిలీ ఉత్తరువు

రెండవ ఏడాది చివర నాకు విశాఖపట్నం బదిలీ అయింది. సామాను సర్దేవేళ కల్పు విషయం చర్చకు వచ్చింది. "ఊళ్లో వదిలేయండి, ఎక్కడైనా బ్రతుకుతుంది" అని సలహా ఇచ్చినవారున్నారు. ఎక్కడ బ్రతుకుతుందో, ఏమి తిని బ్రతుకుతుందో కాలిపూర్ ఇసుకలో మేము చూసి ఉన్నాము. ఎవరి ఇంటనైనా అప్పగించవచ్చునా అని విచారించాము. తీసుకుంటామన్నవారు పగలంతా వదిలివేస్తామన్నారు. చివరికి మా శ్రీమతే తేల్చి చెప్పింది: "వాన తగ్గేవరకు అన్నాను. మన ఊళ్లో కూడా వానలు పడతాయి కదండీ!"

రేబిస్ లేని దీవి నుండి ఆ వ్యాధి ఉన్న నేలకు వెళుతున్నది గనుక, ఆ టీకా తప్పనిసరి. టీకా వేసిన వెంటనే రక్షణ రాదు. అందుకు మూడు వారాలైనా పడుతుంది. కనుక ప్రయాణానికి నెల ముందే వేయించాము. టీకాల పుస్తకం, ఆరోగ్య ధ్రువపత్రం సిద్ధం చేసుకుని, ఓడలో అనుమతి పొందాము. మొదటి రోజు అది ఏమీ ముట్టలేదు. రెండవ రోజు గంజి త్రాగింది. మూడవనాడు డాల్ఫిన్ ముక్కువలె కనిపించే విశాఖ కొండ కంటబడగానే, ఎవరో చెప్పినట్లు తోక ఊపింది.

మన సంస్థ ఉద్యోగులు దేశం నలుమూలలా మారుమూల ప్రాజెక్టులలో పనిచేస్తుంటారు. క్వార్టర్ల గుమ్మాలలోకి ఇటువంటి అతిథులు వస్తూనే ఉంటాయి. చేరదీసేముందు బదిలీ నాడు దానిని ఏమి చేయాలన్న ప్రశ్నకు కుటుంబమంతా కలిసి సమాధానం చెప్పుకోవడం మంచిది. చేరదీసిన తరువాత సకాలంలో టీకాలు, శస్త్రచికిత్స, రాత్రివేళ కట్టడి, ఈ మూడూ తప్పనిసరి. వీటికయ్యే ఖర్చు స్వల్పం, శ్రమ కూడా భరింపదగినదే. మనం వదిలివేసిన కుక్క ఆకలికి ఏ తీరంలో ఏ ప్రాణులు బలి అవుతాయో మనకు తెలియదు. దిగ్లీపూరుకు వెళ్లే అవకాశం కలిగిన మిత్రులు కాలిపూర్‌లో తాబేలు పిల్లలు సముద్రంలోకి సాగిపోయే దృశ్యాన్ని తప్పక చూసి రావలసినదిగా కోరుతున్నాను.