దూబగుంట దారిలో ఒక ఓటు

ఎన్నికల మీద విసుగెత్తిన మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లిన ఊరు అది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం తనే నన్ను వెంటబెట్టుకొచ్చినట్లనిపించింది.

కావలి స్టేషన్లో రైలు దిగేసరికి ఉదయం తొమ్మిదైంది. 2024 మే మొదటివారం. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. స్టేషను బయట తాటిముంజల గంపలు. వాటి పక్కన జెండాలు కట్టిన ఆటోలు. ఒక మైకులో పాటని ఇంకో మైకు మింగేస్తోంది. పోలింగు 13న. మా అమ్మాయికి పంతొమ్మిదేళ్లు, మొదటి ఓటు. ఓటు విజయవాడలో ఉంది కాబట్టి, ఈలోగా నాలుగు రోజులు అమ్మమ్మ దగ్గర ఉండొద్దామని వచ్చాం.

సాయంత్రం అరుగు మీద కూర్చుని ఉండగా చేతిలో లిస్టు పట్టుకుని ఇద్దరొచ్చారు. ‘‘పెద్దమ్మా, ఇంట్లో ఎన్ని ఓట్లు?’’ అన్నారు. మర్నాడు పొద్దున ఇంకో ఇద్దరొచ్చి అదే ప్రశ్న వేశారు. మా అమ్మాయిని చూసి ‘‘ఈ పాపకి ఇక్కడ ఓటు లేదా? అయ్యయ్యో!’’ అని నిజంగానే బాధపడ్డారు. వీధి మురుగుకాల్వ సంగతి ఆ నలుగురిలో ఒక్కరూ ఎత్తలేదు.

వాళ్లు వెళ్లాక మా అమ్మాయి అంది: ‘‘అమ్మా, నేను ఓటెయ్యను. ఎవరికేసినా ఒకటే కదా!’’

తల్లిగా ఏదో ఒకటి చెప్పాలి. కానీ నోట మాట రాలేదు. ఎందుకంటే నేనూ పాతికేళ్లుగా లోపల అదే అనుకుంటున్నాను.

మా నాన్న చెయ్యి తిరిగిన టైలరు. తాగనప్పుడు ఆయన కుట్టిన రవికలకి కావలి అంతా పేరు. తాగితే మిషను మూలన పడేది, ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. 1994 ఎన్నికల నాటికి నాకు ఇరవయ్యేళ్లు. సంపూర్ణ మద్యనిషేధం తెస్తామన్న మాట నమ్మి అమ్మా, నేనూ ఒకే వరుసలో నిలబడి ఓటేశాం. ఆ డిసెంబరులో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి అయ్యారు. 1995 జనవరి 16 నుంచి నిషేధం అమల్లోకి వచ్చింది. దొంగచాటు సరుకు ఉండేది, కాదనను. అయినా ఆ రెండేళ్లూ రాత్రి తొమ్మిదింటికి కూడా మా ఇంట్లో మిషను చప్పుడు వినిపించేది. 1997లో ఆదాయం చాలడం లేదంటూ, అక్రమ రవాణా పెరిగిందంటూ ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. 1999లో నాన్న లివరు పాడై పోయారు. ఆ తర్వాత ప్రతి ఎన్నికలోనూ నేను ఓటేశాను కానీ, దేన్నీ నమ్మి వేయలేదు.

మా ఇద్దరి మౌనం చూసి అమ్మ వత్తులు చేసుకుంటూనే అంది: ‘‘దాన్ని ఒక్కసారి దూబగుంట తీసుకుపోవే. నువ్వు కూడా చూడలేదు గదా!’’

మెట్ట దారి

కావలి నుంచి కలిగిరికి బస్సెక్కాం. సముద్రం గాలి వెనకబడగానే నేల రంగు మారిపోతుంది. నెల్లూరంటే వరిచేలు, చేపల పులుసు గుర్తొస్తాయి అందరికీ. కానీ పడమటికి, ఉదయగిరి వైపు వెళ్లే కొద్దీ వానదేవుడి మీద ఆధారపడ్డ మెట్ట. ఎర్రమట్టి, తుమ్మచెట్లు, నీళ్లు తగ్గి పగుళ్లిచ్చిన చెరువులు. కలిగిరిలో దిగి, నిమ్మసోడా తాగి, ఆటో మాట్లాడుకున్నాం. ఊరిపేరు చెప్పగానే డ్రైవరు, ‘‘రోశమ్మ ఊరికా?’’ అన్నాడు.

దూబగుంట చూడటానికి ప్రత్యేకంగా ఏమీ ఉండదు. వేపచెట్ల నీడలు, ఇళ్ల ముందు మంచాలు, గోడల మీద పాత ఎన్నికల రాతల పక్కన కొత్త రాతలు. గుడి కోసమో, కోట కోసమో వచ్చేవాళ్లకి ఇక్కడ పని లేదు. కానీ ఈ ఊళ్లో మొదలైన గొడవ ఒక రాష్ట్ర ప్రభుత్వాన్ని కదిలించింది.

కథ మొదలైంది పలకతో. 1991లో నెల్లూరు జిల్లాలో ‘అక్షరదీపం’ పేరుతో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం జరిగింది. పగలంతా కూలికెళ్లి వచ్చిన ఆడవాళ్లు రాత్రి దీపం ముందు కూర్చుని దిద్దుకునేవాళ్లు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. తాగుడు వల్ల నష్టపోయి, ఊరి ఆడవాళ్లని కూడగట్టి సారా కొట్టు మూయించిన మనిషి కథ. చదువుతున్నవాళ్లకి అది కథలా అనిపించలేదు. ‘ఇది మన ఇల్లే కదా’ అనుకున్నారు. సారా అప్పటికి పల్లెపల్లెకీ ప్యాకెట్లలో చేరుతోంది. 1980లలో ‘వారుణి వాహిని’ పేరుతో ప్యాకెట్ సారా తెచ్చింది కూడా ప్రభుత్వమే. విచిత్రం ఏమిటంటే, అప్పుడున్నదీ రామారావు ప్రభుత్వమే.

దూబగుంట ఆడవాళ్లు కొట్టు మూయించారు. వాళ్లకి ముందు నిలిచినవారిలో వర్ధినేని రోశమ్మ ఒకరు. తర్వాత ఊరి పేరే ఆమె ఇంటిపేరైపోయింది. ఆ గెలుపు ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠంగా తర్వాతి పుస్తకంలోకి ఎక్కింది. దాన్ని చదివిన పక్క ఊళ్లు చీపుళ్లు, కారప్పొడి పట్టుకుని సారా బండ్లకి అడ్డం నిలిచాయి. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్లో జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి. సంపూర్ణ నిషేధం వాగ్దానం వచ్చింది దాని తర్వాతే. అంటే నాయకులు ఇచ్చిన మాటకంటే ముందు ఆడవాళ్లు వేసిన అడుగుంది. ఇన్నేళ్లూ నేను ఈ వరసని తలకిందులుగా గుర్తుపెట్టుకున్నాను.

వేపచెట్టు కింద

రోశమ్మ 2016లో కన్నుమూశారు. ఆ రోజుల్లో రాత్రిబడికి వెళ్లిన ఒక అవ్వ వేపచెట్టు కింద చింతపండు గింజలు తీస్తూ కనిపించింది. మమ్మల్ని చూసి మంచం జరిపి, మంచినీళ్లిచ్చింది. ‘‘మేం కొట్లాటకి పోలేదమ్మా. చదువుకోడానికి పొయినాం. రాత్రిపూట పదిమంది ఆడోళ్లు ఒకచోట కూర్చునేది అంతకు ముందు యాడుండాది? కూర్చుంటే మాటొచ్చింది. నా మొగుడు ఒక్కడే కొడతా ఉండాడనుకున్నా. అందరి ఇళ్లల్లోనూ అదే కత.’’

మా అమ్మాయి ఆగలేకపోయింది. ‘‘మరి నిషేధం ఎత్తేశారు కదవ్వా? కోపం రాలేదా?’’

‘‘రాకుండా ఉంటదా? ఓటేయించుకుని పోయినోళ్లు మళ్లీ యాడ కనపడతారు? అయితే అమ్మణ్ణీ, ఆ సారా ప్యాకెట్టు మాత్రం కొట్లోకి తిరిగి రాలా. ఇంకోటేందంటే, నా కోడలు ఇప్పుడు మొగుడి చేత దెబ్బ తినదు. అది ఏ గవర్మెంటు ఎత్తేస్తది?’’

నేను తలెత్తి అవ్వని చూశాను. సారా మీద 1993 నాటి నిషేధం 1997లో పోలేదు. పోయింది సీసాల మీది నిషేధం. మా ఇంటి కథలో సీసా ఒక్కటే ఉంది కాబట్టి నేను ఓటమినే లెక్కేసుకున్నాను. ఆ లెక్క కూడా అబద్ధం కాదు, మా నాన్న తిరిగి రాడు. కానీ అది సగం లెక్క.

కోడలు కాఫీ తెచ్చింది. పొదుపు సంఘంలో ఉందట. సారా ఉద్యమం తర్వాత ఈ జిల్లాలోనే రోజుకో రూపాయి దాచుకునే ‘పొదుపులక్ష్మి’ మొదలైంది. డ్వాక్రా సంఘాలు ఊరూరా అల్లుకున్నదీ ఆ కాలం నుంచే. ‘‘ఇప్పుడు ఎవరి సభ జరిగినా జనం కోసం సంఘాలనే పిలస్తారక్కా. రాకపోతే లోను ఆలస్యమవుతుందని భయపెడతారు’’ అందామె నవ్వుతూ. ‘‘పోతాం. ఎవరికి వేసేదీ మాత్రం చెప్పం.’’

మా అమ్మాయి అడిగింది: ‘‘అవ్వా, మిమ్మల్ని ఫెమినిస్టులు అనొచ్చా?’’ దానికి అర్థం కూడా తనే చెప్పింది. నేను కాలేజీలో ఉన్న రోజుల్లో, 1993లో, ‘నీలిమేఘాలు’ కవితాసంకలనం వచ్చింది. స్త్రీవాదం చదువుకున్న పట్నం ఆడవాళ్ల సరదా అని వెక్కిరించినవాళ్లు ఎందరో. ఆ వెక్కిరింపులు నడుస్తున్న కాలంలోనే మెట్టపల్లెల్లో ఆడవాళ్లు బండ్లకి అడ్డం నిలబడ్డారు. అవ్వ కాసేపు ఆలోచించి, ‘‘దానికో పేరుండాదా? మంచిదే. పేరుంటే పిలవచ్చు’’ అంది.

లేచేటప్పుడు మా అమ్మాయి, ‘‘ఓటెయ్యకూడదనుకుంటున్నానవ్వా’’ అని చెప్పేసింది.

‘‘వెయ్యి. ఓటు ఒక్క పూట పని. మిగిలిన దినాలు ఏం చేస్తావో అది చెప్పు ముందు.’’

తిరుగు ప్రయాణం

కలిగిరిలో బస్సు కోసం నిలబడినప్పుడు ఒక మద్యం దుకాణం కనిపించింది. పోలింగు ముగియడానికి 48 గంటల ముందు దాన్ని మూయాలి. తాగి ఓటెయ్యకూడదని చట్టానికి కూడా తెలుసు. మిగిలిన ఐదేళ్ల సంగతే అది పట్టించుకోదు. చట్టసభల్లో మహిళలకి మూడోవంతు స్థానాలిచ్చే బిల్లుకి 2023 సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదం దొరికింది. దాని అమలుని మాత్రం జనగణనకీ, నియోజకవర్గాల పునర్విభజనకీ ముడిపెట్టారు. ఇంతకు ముందైతే ఇలాంటి సంగతులు నన్ను ఇంకా కుంగదీసేవి. ఆ రోజు ఎందుకో అవ్వ మంచం మీద ఆరబోసిన చింతగింజలే గుర్తొస్తూ ఉన్నాయి.

మే 13న విజయవాడలో ఎండకి చున్నీ కప్పుకుని మా అమ్మాయి గంటన్నర వరుసలో నిలబడింది. ఎవరికి వేసిందో నేను అడగలేదు, తను చెప్పలేదు. రాష్ట్రంలో ఆ రోజు 80 శాతానికి పైగా పోలింగు జరిగింది. ఓటర్లలో ఆడవాళ్లే ఎక్కువ.

అసలు సంగతి జూన్లో జరిగింది. తను ఉండే హాస్టలు దారిలో దీపాలు వెలగవు. సాయంత్రమైతే పిల్లలు భయంభయంగా నడవాలి. తొమ్మిదిమంది అమ్మాయిలు కలిసి కాగితం రాసి, సంతకాలు పెట్టి, వార్డు ఆఫీసుకి వెళ్లారట. ఆ రాత్రి ఫోన్లో చెప్పింది. వారం తర్వాత నేనే అడిగాను, ‘‘వెలిగాయా?’’ అని.

‘‘రెండు వెలిగాయమ్మా. మిగతా వాటికోసం మళ్లీ సోమవారం వెళ్తున్నాం. ఈసారి పద్నాలుగు మందిమి.’’